పోస్తే పుట్టే జలకన్య

కుంచె లేదు. గీత లేదు. నాలుగు గ్లాసుల్లో నాలుగు రంగులు, ఒక చదునైన పలక. అంతే సరంజామా. రంగులన్నీ ఒకే గ్లాసులోకి ఒకదానిపై ఒకటి ఒంపి, ఆ గ్లాసును పలక మీద బోర్లించి పైకెత్తితే రంగు నలుదిక్కులా పాకుతుంది. నీలంలోంచి తెలుపు కళ్లు తెరుస్తుంది. ఆ తెలుపు చుట్టూ ఆకుపచ్చ అంచు కడుతుంది. చూస్తుండగానే పలక నిండా చేప పొలుసుల్లాంటి బిళ్లలు తేలతాయి. ఆరాక ఆ పొలుసుల్లోంచి ఒక జలకన్యను బయటకు తీయడమే ఈ విద్యలోని చమత్కారం.

దీన్ని యాక్రిలిక్ పోత చిత్రం అంటారు. గత పదేళ్లలో సెల్‌ఫోన్ వీడియోల పుణ్యమా అని పట్నాల నుంచి పల్లెలకూ పాకింది. సెలవుల్లో పిల్లలు దీనికోసం మారాం చేస్తున్నారు. ఇంటిపట్టున ఉండి నాలుగు రూపాయలు సంపాదించాలనుకునే ఆడపడుచులు దీన్ని నేర్చుకోవాలని చూస్తున్నారు. సామాను కొనేముందు ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు, లోగుట్టు, ఖర్చు, జాగ్రత్తలు తెలుసుకోవడం మంచిది.

తొంభై ఏళ్ల నాటి ముచ్చట

చాలామంది ఇది నిన్న మొన్న పుట్టిన వేడుక అనుకుంటారు. నిజానికి దీని వేరు 1936లో ఉంది. మెక్సికో దేశపు చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికీరోస్ ఆ సంవత్సరం న్యూయార్క్ నగరంలో ఒక ప్రయోగశాల తెరిచాడు. పేరుకు ప్రయోగశాలే కాని అది చిత్రకారుల పనిశాల. కార్లకు వేసే రంగులు, రంగు చిమ్మే యంత్రాలు, చెక్కపొట్టు అట్టలు, ఇసుక, ఇలా చేతికి ఏది దొరికితే దానితో అక్కడ బొమ్మలు వేసేవారు. కూలి జనం కోసం గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసిన మనిషి సికీరోస్. కొత్త కాలానికి కొత్త సామాను కావాలన్నది అతని పట్టుదల. ఆ ఏటి మేడే ఊరేగింపునకు బొమ్మల బండి కట్టింది కూడా ఈ పనిశాల వాళ్లే.

అక్కడే ఒక రంగుపై మరో రంగు పోసి వదిలేస్తే ఏమవుతుందో సికీరోస్ గమనించాడు. రంగులు ఒకదానిలో ఒకటి దూరి, ఎవరి చేయీ గీయలేని సన్నని ఆకారాలను కల్పించాయి. ఇది కాకతాళీయంగా జరిగేది గనుక దానికి 'ఆకస్మిక చిత్రలేఖనం' అని పేరు పెట్టాడు. ఆ ఏడాదే రాసిన ఒక ఉత్తరంలో ఈ వింతను పొంగిపోతూ వర్ణించాడు.

అయితే అతడు దానితో ఆగలేదు. పోసిన రంగుల్లో పుట్టిన సుడులను తుఫాను సముద్రంగా మలిచి, దానిపై తెప్ప మీద ఒక వికృత జననాన్ని చిత్రించాడు. ఆ బొమ్మ పేరు 'ఫాసిజం పుట్టుక'. అదే ఏడు వేసిన 'సామూహిక ఆత్మహత్య' అనే మరో బొమ్మ ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉంది. స్పెయిన్ సైన్యాలకు లొంగడం ఇష్టం లేక ప్రాణాలు తీసుకుంటున్న అమెరికా ఆదివాసుల విషాదం అది. ఆరడుగుల పలక మీద మనుషులు చీమల్లా కనిపిస్తారు. వాళ్ల చుట్టూ నోరు తెరిచిన అగాధమంతా పోసిన రంగుదే.

ఇక్కడే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రంగు తనంతట తాను ఇచ్చింది సుడిని మాత్రమే. ఆ సుడిని సముద్రం చేసిందీ, అగాధం చేసిందీ మనిషే.

ఆ పనిశాలకు వచ్చి పనిచేసిన కుర్రకారులో జాక్సన్ పొలాక్ ఒకడు. అప్పటికి అతని వయసు 24. తర్వాత 1947 నుంచి నేల మీద గుడ్డ పరిచి, పుల్లలతో రంగు ధారలు చిలకరిస్తూ వేసిన బొమ్మలతో అతడు ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు.

పొలుసుల వెనుక లోగుట్టు

ఈ పొలుసులు ఎలా పుడతాయి? దీనికి వంటింట్లోనే సమాధానం ఉంది. ఒక గాజు గ్లాసులో ముందు నూనె పోసి, దానిపై నీళ్లు పోసి చూడండి. నీళ్లు బరువు, నూనె తేలిక. పైనున్న నీళ్లు కిందికి దిగుతాయి. కిందనున్న నూనె పైకి తన్నుకొస్తుంది. రెండూ ఒకేసారి దారి కోసం తోసుకుంటాయి. తిరునాళ్లలో ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన జనం పాయలు పాయలుగా విడిపోయి దాటినట్లు, అవీ పాయలుగా చీలి చోటు మార్చుకుంటాయి.

రంగుల్లోనూ అదే జరుగుతుంది. తెల్ల రంగులో టైటానియం భస్మం ఉంటుంది. అది నీటి కంటే 4 రెట్లకు పైగా బరువు. నల్ల రంగులోని మసి అందులో సగం బరువైనా ఉండదు. నలుపు కింద, తెలుపు పైన పోస్తే పైనున్న తెలుపు చుక్కలు చుక్కలుగా కుంగుతుంది. ఆ కుంగిన చోటి చుట్టూ నలుపు పైకి లేచి గళ్లు కడుతుంది. తలకిందులుగా, అంటే తెలుపు కింద, నలుపు పైన పోస్తే ఏ అలజడీ ఉండదు. పొరలు పొరలుగానే పడి ఉంటాయి.

ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రేలీ 1883లో ఈ తత్వాన్ని లెక్కకట్టి చూపాడు. 1950లో టేలర్ అనే మరో శాస్త్రజ్ఞుడు దాన్ని ముందుకు తీసుకుపోయాడు. అందుకే దీన్ని రేలీ-టేలర్ అస్థిరత అంటారు. సికీరోస్ చిత్రాలకు ఈ సూత్రాన్ని అన్వయించి నిరూపించింది మాత్రం అతని దేశస్థులే. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన సాండ్రా జెటీనా, రొబెర్తో జెనిత్, వారి సహచరుడు రంగులు తూచి, పోసి, పైనుంచి కెమెరాతో చిత్రీకరించి 2015లో ఫలితాలు ప్రకటించారు. రంగుల బరువులో తేడా, పొర మందం, రంగు చిక్కదనం, ఈ మూడింటి మీదే గళ్ల తీరు ఆధారపడుతుందని తేల్చారు.

2019లో జెనిత్ బృందం పొలాక్ పద్ధతినీ పరిశీలించింది. తేనెను ఎత్తు నుంచి పోస్తే ధార కింద చుట్టలు చుట్టుకోవడం అందరూ చూసిందే. పొలాక్ చేతి వేగం, ఎత్తు చూస్తే ఆ చుట్టలు పడకుండా అతడు జాగ్రత్తపడ్డాడని తేలింది. సికీరోస్ రంగుల అలజడిని పిలిచి వాడుకున్నాడు. పొలాక్ దాన్ని తప్పించుకున్నాడు. చూసేవాళ్లకు రెండూ ఇష్టం వచ్చినట్లు పోసిన రంగులే. చేసేవాళ్ల చేతికి మాత్రం ఏ పని ఎక్కడ ఆపాలో తెలుసు.

మన పద్ధతి వేరు

రంగు పాకకుండా అదుపు చేయడంలో మనవాళ్లది అందెవేసిన చేయి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలం గీసిన గీత పక్కకు పాకదు. బెల్లం, ఇనుప ముక్కలు నీళ్లలో ఊరబెట్టి తీసిన కసిమితో గీస్తే గీత నల్లగా నిలుస్తుంది. చేర్యాల నకాశీ పనివారు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల బంక పట్టించి నున్నగా చేశాకే రంగు ముట్టుకుంటారు.

1952లో హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ అనే అమెరికా చిత్రకారిణి సరిగ్గా దీనికి ఎదురు పని చేసింది. ఏ పూతా లేని పచ్చి గుడ్డను నేల మీద పరిచి, పలచన చేసిన రంగును దానిపై పోసింది. గుడ్డ రంగును తాగేసింది. మరకలే కొండలయ్యాయి, సముద్రమయ్యాయి. ఒకరు పాకనివ్వరు, మరొకరు పాకనిస్తారు. రెండు చోట్లా గుడ్డ గుణం తెలిసి ఉండటమే అసలు విద్య.

యాక్రిలిక్ అంటే ఏమిటి?

సికీరోస్ వాడింది కార్ల రంగు. అది ఇట్టే అంటుకునే సరుకు, వాసన ఘాటు. ఇప్పుడు పోత బొమ్మలకు వాడే యాక్రిలిక్ నీళ్లలో కలిసే రంగు. కంటికి కనిపించనంత చిన్న ప్లాస్టిక్ బొట్లు నీళ్లలో తేలుతూ ఉంటాయి. నీరు ఆవిరైతే ఆ బొట్లు ఒకదానికొకటి అతుక్కుని సాగే పొరగా మారతాయి. ఒకసారి ఆరితే మళ్లీ నీళ్లలో కరగదు. 1950లలో ఈ రంగులు ఇళ్ల గోడలకూ, చిత్రకారులకూ అందుబాటులోకి వచ్చాయి. చిత్రకారుల కోసం నీటితో కలిసే యాక్రిలిక్ అమెరికాలో 1955లో అమ్మకానికి వచ్చింది.

జలకన్యను తీసే తీరు

ముందు బల్లకు మట్టం చూడాలి. మేస్త్రీ దగ్గరి రసమట్టం ఉంటే మరీ మంచిది. బల్ల ఏ మాత్రం వాలుగా ఉన్నా తెల్లారేసరికి బొమ్మంతా ఒక మూలకు జారిపోతుంది. పలక కింద నాలుగు గ్లాసులు బోర్లించి దాన్ని ఎత్తుగా పెట్టాలి. కింద పాత పళ్లెం గాని, ప్లాస్టిక్ పట్టా గాని పరవాలి.

రంగు ఒక వంతుకు బంక రెండు వంతులు కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా చేర్చడం ఎక్కువమంది పాటించే పాళ్లు. పుల్లతో ఎత్తి వదిలితే ధార తెగకుండా తేనెలా దిగాలి. దోసెల పిండిలా ముద్దగా దిగితే చిక్కన, మజ్జిగలా చిట్లితే పలచన. రంగులన్నీ ఒకే చిక్కదనంలో ఉండాలి. కలిపేటప్పుడు గిలక్కొట్టకూడదు. నురగ వస్తే బుడగలు పడతాయి. కలిపి అరగంట వదిలేస్తే బుడగలు పైకి తేలి పోతాయి.

జలకన్యకు ముదురు నీలం, ఆకుపచ్చ, కాస్త బంగారు రంగు, తెలుపు సరిపోతాయి. బరువైన తెలుపు చివర, అంటే పైన పడేలా చూసుకోవాలి. పోశాక పలకను నెమ్మదిగా అటూ ఇటూ వాల్చి రంగును అంచుల దాకా నడిపించాలి. గళ్లు పెద్దవి కావాలంటే రంగులో ఒకటి రెండు చుక్కలు సిలికాన్ నూనె వేసేవారున్నారు. అది మితిమీరితే ఆరిన పొర మీద జిడ్డు మిగిలి, తర్వాత వేసే రంగు పట్టదు.

తర్వాత దుమ్ము పడని చోట రెండు మూడు రోజులు కదపకుండా ఉంచాలి. మన ఎండాకాలంలో బయట పెడితే పైపొర ముందుగా బిగుసుకుని, చెరువు మట్టి నెర్రెలిచ్చినట్లు పగుళ్లు తీస్తుంది. నీడపట్టున, గాలి తగలని గదిలో ఆరడమే శ్రేయస్కరం.

ఇక అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఆరిన పలకను నాలుగు వైపులా తిప్పి చూడాలి. చిన్నప్పుడు మబ్బుల్లో ఏనుగును, గుర్రాన్ని వెతుక్కున్నట్లే ఇందులో చేప తోకను వెతకాలి. గోడల మీది మరకల్లో కొండలు, యుద్ధాలు, వింత ముఖాలు చూడమని ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావించి తన శిష్యులకు అయిదు వందల ఏళ్ల కిందటే చెప్పాడు. గళ్లు చిక్కగా ఉన్నచోట తోక, పాయలు సాగినచోట జుట్టు వచ్చేలా సుద్దముక్కతో ఆకారం గీసుకోవాలి. ఆకారం బయటి భాగమంతా ముదురు నీలంతో కుంచె పెట్టి కప్పేయాలి. అప్పుడు లోపల మిగిలిన పోత రంగే పొలుసుల తోకై నిలుస్తుంది. ముఖం, చేతులు మాత్రం కుంచెతో వేయవలసిందే.

మరో పద్ధతీ ఉంది. మిగిలిన రంగును ప్లాస్టిక్ కాగితం మీద పోసి ఆరనిస్తే పాల మీగడలా పొర కడుతుంది. దాన్ని ఒలిచి, కత్తిరించి, దేవకన్య రెక్కలుగానో, గండభేరుండం ఈకలుగానో అంటించవచ్చు. దీనివల్ల పారబోసే రంగు కూడా పనికొస్తుంది.

జేబుకు చిల్లు ఎక్కడ?

వీడియోల్లో చెప్పని సంగతి ఖర్చు. లెక్క వేసి చూస్తే బోధపడుతుంది. 10 అంగుళాల చదరపు పలక వైశాల్యం 645 చదరపు సెంటీమీటర్లు. పోత పొర 2 మిల్లీమీటర్ల మందం ఉంటుందనుకుంటే దానికి దాదాపు 130 మిల్లీలీటర్ల మిశ్రమం కావాలి. అంచుల నుంచి కారిపోయేదీ కలుపుకుంటే 150 అవుతుంది. ఇందులో మూడో వంతు, అంటే 50 మిల్లీలీటర్లు అసలు రంగు. అదే పలకకు కుంచెతో ఒక పూత వేస్తే 10 మిల్లీలీటర్లకు మించి పట్టదు. పోతకు అయిదు రెట్ల రంగు అయిపోతుందన్నమాట. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు పలకకైతే మిశ్రమమే లీటరు దాటుతుంది.

అందుకే అమ్మకం మీద ఆశ పెట్టుకునేవారు మొదటే పెద్ద పలకల జోలికి పోకూడదు. అరచేయంత పలకల మీద చేయి తిరిగాక ముందుకు పోవచ్చు. కొలత చూసుకుని కలపడం నేర్చుకుంటే సగం నష్టం తప్పుతుంది. ఇంకో మాట. చెక్కకు వాడే తెల్ల బంక చౌక గనుక నేర్చుకోవడానికి ఫరవాలేదు. ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపు తిరగవచ్చు, చెమ్మకు మెత్తబడవచ్చు. డబ్బు తీసుకుని ఇచ్చే బొమ్మకు చిత్రకారుల కోసం చేసిన యాక్రిలిక్ ద్రవమే వాడటం ధర్మం.

కాలువలో కడగవద్దు

రంగు నీళ్లలో కలుస్తుంది కదా అని మిగిలిన దాన్ని మురుగు కాలువలో పారబోయడం పెద్ద పొరపాటు. ఆరితే అది ప్లాస్టిక్కే. కాలువలో గడ్డకట్టి తూము పూడుస్తుంది. పంట బోదెలోకీ, పశువులు తాగే తొట్టిలోకీ చేరుతుంది. మిగిలిన రంగును పళ్లెంలోనే ఆరనిచ్చి, పొరగా ఒలిచి చెత్తలో వేయాలి. గ్లాసులు, పుల్లలు కడిగేముందు పాత గుడ్డతో తుడిచేయాలి.

బుడగలు పోగొట్టడానికి కొందరు గ్యాసు మంట చూపిస్తారు. పిల్లలు చేసే చోట దీనికి తావివ్వకూడదు. సూదిమొనతో పొడిచినా బుడగ పోతుంది. యాక్రిలిక్ దొరకలేదని ఇనుప తలుపుల రంగులో టిన్నరు కలిపి పోసే ప్రయత్నం మరీ ప్రమాదకరం. ఆ ఆవిరి మూసిన గదిలో తల తిప్పుతుంది. పక్కన పొయ్యి గాని, దీపం గాని ఉంటే నిప్పంటుకుంటుంది. వంటపాత్రలు ఈ పనికి వాడకూడదని వేరే చెప్పనక్కరలేదు.

బోర్డులు రాసిన చేతులకు

ఒకప్పుడు ప్రతి సెంటర్‌లోనూ ఒక ఆర్టిస్టు ఉండేవాడు. దుకాణాల బోర్డులు, సినిమా హాలు తెరలు, గోడ మీద ఎన్నికల గుర్తులు, రథం మీద దేవతా మూర్తులు, అన్నీ ఆ చేతి మీదే నడిచేవి. 2000 తర్వాత ఫ్లెక్సీ యంత్రాలు వచ్చి ఆ చేతుల్లో పని లాగేసుకున్నాయి. వారం పట్టే బోర్డు గంటలో ఊడిపడుతుంటే ఎవరు మాత్రం ఆగుతారు? కొందరు ఇళ్లకు సున్నాలు, రంగులు వేసే పనిలోకి మళ్లారు. కొందరు కుంచెలు అటక మీద పెట్టేశారు.

ఇప్పుడు గ్లాసు బోర్లిస్తే బొమ్మ వస్తుందంటే ఈ పోత విద్య వాళ్లకు మరో దెబ్బ అనిపించవచ్చు. నిజం అది కాదు. పోసేదాకా అందరూ సమానమే. పదేళ్ల పాప పోసినా పొలుసులు వస్తాయి. ఆ పొలుసుల్లో తోక ఏదో, నడుము వంపు ఎక్కడో, చూపు ఎటో తేల్చవలసి వచ్చినప్పుడు కొత్తవాళ్ల చేయి ఆగిపోతుంది. అక్కడ పనికొచ్చేది ఏళ్ల తరబడి గీతలు గీసిన చెయ్యే. ఎన్టీ రామారావు ముఖాన్ని ఇరవై అడుగుల ఎత్తున గళ్లు కొట్టి దించిన మనిషికి ఒక జలకన్య ముఖం ఎంత పని?

వింత ఆకారాలు మనకు కొత్త కాదు. గుడి స్తంభాల మీద యాళి ఉంది. పురాణంలో శరభం ఉంది. 1947 జూలైలో మొదలైన చందమామ పత్రికకు వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు చూస్తూ పెరిగిన తరాలున్నాయి. శ్రీకాకుళంలో పుట్టిన ఆ చిత్రకారుడి రంగుల్లో దేవతలు, గంధర్వులు, రాక్షసులు ఇంట్లో మనుషుల్లా పరిచయమయ్యారు. ఆ ఆకారాల జ్ఞాపకం ఉన్నవారికి పోసిన రంగులో బొమ్మను చూడటం కష్టం కాదు.

పోత బొమ్మలో మరో సుగుణమూ ఉంది. ఒకసారి వచ్చిన తీరు రెండోసారి రాదు. అదే రంగులు, అదే పాళ్లు, అదే చెయ్యి అయినా పొలుసు వేరుగానే పడుతుంది. యంత్రం దాన్ని ఫొటో తీసి వెయ్యి కాపీలు అచ్చువేయగలదు. వేలితో తడిమితే తెలిసే ఆ రంగు మందం మాత్రం కాగితం మీదికి రాదు.

ఇంటి ఆడపిల్ల రంగు పోయడం, అటక మీది కుంచె దించిన పెద్దాయన ఆకారం తీయడం, ఇద్దరూ కలిసి ఒక బొమ్మ చేయడం అసాధ్యమేమీ కాదు. 1936 నాటి ఆ న్యూయార్క్ పనిశాలలోనూ పని నడిచింది అలాగే. అక్కడ పెద్దలూ కుర్రకారూ కలిసి పనిచేశారు. వేసవి సెలవుల్లో బడి వరండాలో రెండు బల్లలు, ఒక రసమట్టం, అరచేయంత పలకలు పది ఉంటే మన ఊళ్లోనూ మొదలుపెట్టవచ్చు. నేర్పే చేతులు ఊళ్లోనే ఉన్నాయి. వెళ్లి పిలవడమే తరువాయి.